వాలుపొద్దు రాసే గాలి లెక్క

నైరుతి వానలు వెనుదిరిగి, ఈశాన్య వానలు ఇంకా పట్టుకోని నడిమి రోజుల్లో చంద్రగిరి కోట అవతల పొద్దు గుంకడం చూడాలి. మధ్యాహ్నం కన్నెత్తి చూడనివ్వని సూర్యుడు సాయంత్రానికి మెత్తబడతాడు. అంచులు తేటగా తేలి, నిండు బింబమై, బంగారం నుంచి కుంకుమలోకి రంగు మారుతూ కొండ మీదికి ఒరుగుతాడు. ఆ ఆరు గంటల్లో సూర్యుడు మారలేదు. వెలుగు నడిచిన దారి మారింది. నడినెత్తిన ఉన్నప్పుడు కిరణం మన గాలిని నిలువునా దాటి దిగుతుంది. దిగంతం అంచున ఉన్నప్పుడు అడ్డంగా వచ్చి, దాదాపు 38 రెట్ల గాలిని దాటుకుని కంటిని చేరుతుంది. ఆ దారి పొడవునా గాలి అణువులు నీలాన్ని పక్కలకు చిమ్ముతూ పోతాయి. ఎరుపును చిమ్మేదానికంటే నీలాన్ని నాలుగు రెట్లకు పైగా ఎక్కువ చిమ్మడం వాటి స్వభావం. దారి చివర మిగిలేది ఎరుపే.

రోజూ అదే ఎరుపు ఉండదు. వాన కడిగిన మరునాడు పొద్దు మేలిమి పసుపులోనే చాలాసేపు నిలుస్తుంది. సంక్రాంతికి ముందు, బెల్లం గానుగల పొగా, రాత్రి మంచూ, రోడ్ల దుమ్మూ కలిసిన సాయంత్రాల్లో బింబం రాగి రంగుకు తిరిగి కొండను తాకకముందే మసకలో కరిగిపోతుంది. ఎండాకాలంలో బీడు నేలల దుమ్ము లేస్తుంది. శేషాచలం అడవుల్లో కార్చిచ్చు రగిలితే దాని పొగ చేరుతుంది. తూర్పుగాలి తిరిగిందంటే బంగాళాఖాతపు ఉప్పు నలుసులు లోపలిదాకా వస్తాయి. ఒక్కొక్కటీ వెలుగులోంచి తన వాటా తీసుకుంటుంది. గాలిలో తేలాడే ఈ నలుసులకూ తుంపరలకూ కలిపి ఏరోసాల్స్ అని పేరు.

ఏ రంగు ఎంత తగ్గిందో కొలిస్తే, దారిలో ఏముందో, ఎంత ఉందో చెప్పవచ్చు. ఇక్కడ చెప్పబోయే విద్యకంతటికీ మూలం ఇదే. నేల మీద నిలబడి చేసే కొలత మన సీమకు కొత్త కాదు. ఇస్రో దేశమంతటా నడిపే ఏరోసాల్ పరిశీలనల్లో భాగంగా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో సూర్యుడి వైపు తిప్పిన రేడియోమీటర్ చేసే పని ఇదే. పొద్దు ఎక్కేకొద్దీ, దిగేకొద్దీ ఒక్కో రంగులో వెలుగు ఎంత చేరిందో నమోదు చేస్తుంది. అయితే నేల మీది పరికరానికి ఒక హద్దు ఉంది. తలపైన ఉన్నదంతా కలిపి ఒకే మొత్తంగా చెబుతుంది. ఆ మసకలో ఎంత మన ఊరి పొగ, ఎంత పదిహేను కిలోమీటర్ల పైన తేలే పొర అని విడదీయడం దానికి చేతకాదు.

పొద్దు గుంకాక అందరమూ పడమటికే చూస్తాం. అప్పుడు తల పైకెత్తితే అంతకంటే పెద్ద వింత కనిపిస్తుంది. శేషాచలం మీద నడి ఆకాశం కాసేపు మరే వేళా లేనంత గాఢమైన నీలంలోకి దిగుతుంది. గాలి అణువులు నీలాన్ని చిమ్మడం వల్లే ఆకాశం నీలంగా ఉంటుందని బడిలో చదువుకున్నాం. పగటికి ఆ మాట సరిపోతుంది, సంధ్యకు చాలదు. అంత పొడవు దారి నడిచి వచ్చిన వెలుగులో నీలం చాలావరకు ముందే ఖర్చయిపోయి ఉంటుంది. గాలి అణువుల పని ఒక్కటే అయితే ఆ వేళ నడినెత్తిన పసుపు కలిసిన బూడిదరంగు కనిపించాలి. దాన్ని నీలంగా నిలబెట్టేది ఓజోన్. ముఖ్యంగా 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తుల మధ్య పలచగా పరుచుకున్న ఆ వాయువు నారింజనూ ఎరుపునూ కొంత మింగి, నీలాన్ని పోనిస్తుంది. సూర్యాస్తమయ వేళ నడినెత్తి నీలంలో మూడింట రెండు వంతులు ఓజోన్ పుణ్యమేనని అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో లెక్కగట్టి చూపాడు. మన తలపైనున్న ఓజోన్ మొత్తాన్ని నేల దగ్గరి ఒత్తిడికి తెచ్చి పరిస్తే మూడు మిల్లీమీటర్ల మందం కూడా రాదు. అంత కొంచెం వాయువు అంత ఆకాశానికి రంగు వేయగలగడానికి కారణం మళ్ళీ ఆ అడ్డదారే.

ఇప్పుడు ఇదే సంధ్యను పైనుంచి చూద్దాం.

భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గంటన్నరకొకసారి భూమిని చుట్టివస్తుంది. అక్కడ రోజుకు పదిహేను పదహారు సూర్యోదయాలు, అన్నే అస్తమయాలు. 2017 ఫిబ్రవరి 19న ఫ్లోరిడా నుంచి ఎగిరిన రాకెట్ అక్కడికి సేజ్-3 అనే నాసా పరికరాన్ని చేర్చింది. సూర్యుడు భూమి అంచు వెనక్కి దిగుతున్నప్పుడల్లా అది ఆ బింబాన్నే అంటిపెట్టుకుని చూస్తుంది. మొదట బింబం గాలికి పైన, ఖాళీలో ఉంటుంది. తర్వాత గాలి పైఅంచులోకి, ఇంకా కిందికి, చివరికి మబ్బుల వెనక్కో నేల వెనక్కో జారిపోతుంది. మనకు సాయంత్రమంతా పట్టే పని అక్కడ ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే పరికరం ఎత్తు వెంట ఎత్తు, ఒక్కో కిలోమీటరు పొరనూ విడివిడిగా చదివేస్తుంది.

పక్కనుంచి చూడడంలోనే కిటుకంతా ఉంది. వెంకటగిరి నేతచీరను ఒక్క పొరగా విప్పి ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది. అదే చీరను మడతలు పెట్టి చూస్తే దీపం వెలుగు కూడా దాటదు. గాలిలోని పొరల సంగతీ అంతే. ఒక కిలోమీటరు మందం ఉన్న పొరను నిలువునా దాటితే కిరణం నడిచేది ఆ ఒక్క కిలోమీటరే. భూమి వంపు మీదుగా అదే పొరను అడ్డంగా ఒరుసుకుంటూ పోతే 200 కిలోమీటర్లకు పైగా నడవాలి. అంటే తిరుపతికీ బెంగళూరుకీ మధ్య గీత గీసినంత దూరం. నిలువునా చూసినప్పుడు ఉందో లేదో తెలియని పలచని పొర, అడ్డంగా చూసినప్పుడు తన ఉనికిని దాచుకోలేదు.

ఒక్కో వాయువుకు ఒక్కో రంగు మీద మక్కువ. ఓజోన్ 600 నానోమీటర్ల దగ్గరి నారింజను ఎక్కువగా తీసుకుంటుంది. నైట్రోజన్ డయాక్సైడ్‌కు 440 దగ్గరి ఊదా నీలం ఇష్టం. నీటి ఆవిరి కంటికి కనిపించని 940 నానోమీటర్ల చోట తన గుర్తు వేస్తుంది. ఏరోసాల్స్‌కు ఇలాంటి ఎంపిక తక్కువ. అన్ని రంగులనూ ఎంతో కొంత తగ్గిస్తాయి. నలుసు చిన్నదైతే నీలం వైపు ఎక్కువ, పెద్దదైతే అన్నిటినీ దాదాపు సమానంగా. వాయువుల జోక్యం తక్కువగా ఉండే 1,020 నానోమీటర్ల వంటి చోట్ల కొలిచి వాటి లెక్క తేలుస్తారు. ఇంకొక విశేషం చెప్పకుండా ముందుకు పోలేను. ఎండ తగిలితే క్షణాల్లో విరిగిపోయి, రాత్రిపూట మాత్రమే బతికే నైట్రేట్ రాడికల్ అనే అణువు ఒకటుంది. సూర్యుడితో దాన్ని పట్టుకోలేరు గనుక సేజ్-3 దానికోసం చంద్రుణ్ణి వాడుకుంటుంది. చంద్రబింబం భూమి అంచున దిగుతుండగా చూసి దాన్ని లెక్కిస్తుంది. వెన్నెల కూడా అరువు తెచ్చుకున్న ఎండే కదా.

ఈ పద్ధతిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది దాని నిజాయితీ. అంతరిక్షంలో పరికరాలు పాతబడతాయి. అద్దాలు మసకబారతాయి, గ్రాహకాల చురుకు తగ్గుతుంది. పదేళ్ళ నాటి కొలతనూ నేటి కొలతనూ పక్కపక్కన పెడితే మారింది గాలా, పరికరమా అన్న సందేహం ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ ఆ సందేహానికి చోటు తక్కువ. ప్రతి అస్తమయంలోనూ పరికరం ముందుగా గాలి అడ్డులేని సూర్యుణ్ణి కొలుస్తుంది, వెంటనే గాలిలోంచి కొలుస్తుంది. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తారు. అద్దం మసక రెండు కొలతల్లోనూ ఒకే పాలు ఉంటుంది గనుక భాగహారంలో కొట్టివేతకు గురవుతుంది. మిగిలేది గాలి లెక్క ఒక్కటే. ఓజోన్ పొర పలచబడుతోందా, తేరుకుంటోందా అన్న ప్రశ్నకు జవాబు దశాబ్దాల కొలతల్లో నూటికి ఒకటి రెండు వంతుల తేడాల మీద ఆధారపడి ఉంటుంది. అలాంటిచోట ఇంతకంటే నమ్మకమైన తూకం దొరకదు.

ఈ తూకాన్ని మొదటిసారి 1975 జులైలో, అపోలో-సోయుజ్ యాత్రలో, ఒక వ్యోమగామి చేత్తో పట్టుకున్న చిన్న పరికరాన్ని కిటికీలోంచి సూర్యుడి వైపు గురిపెట్టి పరీక్షించారు. 1978లో, 1979లో అలాంటి పరికరాలను ఉపగ్రహాల మీదికి ఎక్కించారు. 1984 అక్టోబరులో ఛాలెంజర్ వ్యోమనౌక నుంచి శాలీ రైడ్ యాంత్రిక హస్తంతో విడిచిపెట్టిన ఉపగ్రహం మీద సేజ్-2 ఉంది. అది 2005 దాకా, రెండు దశాబ్దాలకు పైగా పనిచేసింది.

ఈ విద్య బీజాలకు మాత్రం తెలుగు నేలతో అంతకంటే పాత బంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణ వేళ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోప్‌లో విడదీసి చూశాడు. ఆ గీతల మెరుపు చూసి, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చని గ్రహించి మరునాడే చూసి చూపించాడు. హీలియం జాడ తెలిసింది ఆ జ్వాలల వెలుగులోనే. దాని కథ చెప్పుకునేటప్పుడు గుంటూరు పేరు వినిపించేది అందుకే. ఆయన గుంటూరు రాకముందు చేసిన పని గురించి మనం చెప్పుకోవడం తక్కువ. మన విషయానికి కావలసింది అదే.

సూర్యుడి వర్ణపటంలో నల్లని గీతలు వందలకొద్దీ ఉంటాయి. వాటిలో ఏవి సూర్యుడివి, ఏవి మన గాలివి? పొద్దు వాలేకొద్దీ కొన్ని గీతలు ముదరడం గమనించిన జాన్సెన్, అవి భూమి గాలి వేసిన గీతలని నిరూపించడానికి పూనుకున్నాడు. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ అనే ఊళ్ళో కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించాడు. దగ్గర నుంచి చూస్తే ఆ మంట వర్ణపటంలో నల్లగీతలు లేవు. 21 కిలోమీటర్ల అవతల, జెనీవాలో చర్చి గోపురం ఎక్కి చూస్తే సరస్సు మీది గాలి దాటివచ్చిన అదే మంటలో గీతలు పడ్డాయి. 1866లో పారిస్‌లో 37 మీటర్ల ఇనుప గొట్టం నిండా ఆవిరి పట్టించి, ఒక కొసన దీపాలు పెట్టి, రెండో కొస నుంచి చూశాడు. అవే గీతలు. నీటి ఆవిరి వెలుగు మీద చేసే సంతకం అలా దొరికింది. ఆ సంతకాన్ని గుర్తుపట్టిన కళ్ళే రెండేళ్ళ తర్వాత గుంటూరు ఆకాశం చూశాయి. ఇవాళ ఉపగ్రహాలన్నీ చేస్తున్నది, కట్టెల మంట బదులు సూర్యుణ్ణి పెట్టుకుని, జెనీవా గోపురం బదులు కక్ష్యలో నిలబడి అదే ప్రయోగాన్ని తిరిగి చేయడమే.

మరో పదిహేనేళ్ళకు ఆకాశమే ఒక పెద్ద ప్రయోగం చేసి చూపింది. 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. సెప్టెంబరులో మద్రాసు జనం లేచి చూస్తే ఉదయించే సూర్యుడు ఆకుపచ్చగా ఉన్నాడు. అస్తమించేటప్పుడూ అంతే. దక్షిణాదిలో పలుచోట్ల ఆ పచ్చ సూర్యుణ్ణి చూశారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల భౌతికశాస్త్ర ఆచార్యుడు చార్లెస్ మిచీ స్మిత్ దాని వైపు స్పెక్ట్రోస్కోప్ తిప్పి వర్ణపటం నమోదు చేశాడు. కొడైకెనాల్ సౌర పరిశోధనశాల స్థాపనకు తర్వాత పూనుకున్నది ఆయనే. సూర్యుడు పచ్చబడడానికి కారణం కణాల పరిమాణం. మామూలు గాలి నీలాన్ని చిమ్మి ఎరుపును పోనిస్తుంది. ఇంచుమించు మైక్రోమీటరు కొలతలో, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న కణాల మబ్బు ఎదురైతే ఈ వరస తలకిందులవుతుంది. ఎరుపే ఎక్కువ చెదిరి, పచ్చ, నీలం దాటివస్తాయి. వేల కిలోమీటర్ల అవతలి కొండ పొట్టలోంచి లేచిన కణాల కొలతను సూర్యుడి రంగు మద్రాసులో చెప్పింది. చదివే లెక్క మాత్రం అప్పటికి ఇంకా కుదరలేదు.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలేనాటికి ఆ చదువు వచ్చేసింది. ఒకటిన్నర కోట్ల నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటో ఆవరణంలోకి ఎగసి, సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలై భూగోళమంతా చుట్టుకుంది. పైనుంచి చూస్తున్న సేజ్-2కు కొన్ని ఎత్తుల్లో సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. పొర అంత దట్టం. ఆ తెర పలచబడడానికి ఏళ్ళు పట్టింది. ఆలోగా భూమి సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ దాకా తగ్గింది.

వాయువుల్ని చదవడానికి ఇంకో దారీ ఉంది. భూమి మీద పడి తిరిగి పైకి చిమ్మిన ఎండను చూడడం. 2017 అక్టోబరు 13న ఎగిరిన యూరప్ ఉపగ్రహం సెంటినెల్-5పీ రోజూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతూ 2,600 కిలోమీటర్ల వెడల్పున కొలుస్తుంది. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, మీథేన్ వంటివాటి పటాలు రోజూ గీస్తుంది. మహానగరాలూ బొగ్గు విద్యుత్ కేంద్రాలూ ఆ పటాల్లో మచ్చలుగా తేలుతాయి. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మన నగరాల మీద ఆ మచ్చలు పలచబడ్డాయి. ఊరి గాలి బాగోగులకు ఈ పటం ఎంతో మేలు. ఎత్తుల సంగతి అడిగితే మాత్రం మళ్ళీ వాలుపొద్దు దగ్గరికే రావాలి.

వాలుపొద్దు చెప్పిన మాట నిజమేనా అని అడగాలంటే గాదంకి రావాలి.

తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోతే పాకాల మండలంలో, కొండల నడుమ ఒదిగిన పల్లె గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలను అందరూ నార్ల్ అంటారు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వరుసకట్టిన 1,024 యాంటెన్నాల రాడార్‌తో 1990ల మొదట్లో అది పని మొదలుపెట్టింది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను నింగిలోకి పంపి, గాలి సుడుల నుంచి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది. చుట్టూ కొండలుండడం ఆ వినికిడికి మేలు చేసింది, బయటి రేడియో రొద లోపలికి రానివ్వదు. 1998లో జపాన్ సహకారంతో లైడార్ వచ్చింది. రాత్రివేళ 532 నానోమీటర్ల పచ్చని లేజర్ కిరణాన్ని పైకి పంపి, నలుసుల మీద పడి తిరిగివచ్చే వెలుగుతో ఎత్తులు లెక్కిస్తుంది. 2005లో ఈ సంస్థకు ఇప్పటి పేరు స్థిరపడింది.

2006 నుంచి గాదంకిలో సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో బెలూన్ ఎగరవేయడం నిత్యకృత్యం. కింద కట్టిన చిన్న పెట్టె ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం చెబుతూ ముప్పై కిలోమీటర్ల దరిదాపుల దాకా పోతుంది. ఆ దారిలో పదహారు, పదిహేడు కిలోమీటర్ల దగ్గర అది దాటే చోటు చాలా విచిత్రమైనది. చిత్తూరు ఎండలకు నేల మీద 40 డిగ్రీలు దాటుతున్న రోజు కూడా అక్కడ సున్నాకు 80 డిగ్రీల కింద చలి ఉంటుంది. మనం బతికే ట్రోపో ఆవరణం అక్కడ ముగుస్తుంది, స్ట్రాటో ఆవరణం మొదలవుతుంది. ఆ సరిహద్దు పేరు ట్రోపోపాజ్. ధ్రువాల మామూలు చలికంటే మన తలపైని చలి తీవ్రమనే మాట వినగానే నమ్మబుద్ధి కాదు. ఉష్ణమండలంలో గాలి అంత ఎత్తుకు లేచి, అంతగా వ్యాకోచించి చల్లబడుతుంది. వానాకాలంలో ఆ ఎత్తునే తూర్పు నుంచి పడమరకు ఒక గాలి నది ఉరుకుతుంది. 1950లలో పి. కోటేశ్వరం లోకానికి పరిచయం చేసిన ఉష్ణమండల తూర్పు జెట్ అదే. నేల మీద నైరుతి గాలి చింతకొమ్మల్ని ఊపుతుంటే, పదహారు కిలోమీటర్ల పైన అందుకు ఎదురుగా, గంటకు 150 కిలోమీటర్ల దాకా వేగంతో మరో గాలి పోతూ ఉంటుంది.

ఆ ఎత్తులోనే అసలు వింత దాగి ఉంది. 2011లో జాన్ పాల్ వెర్నియే బృందం కాలిప్సో ఉపగ్రహపు లేజర్ కొలతల్ని గాలిస్తూ ఒక సంగతి బయటపెట్టింది. ప్రతి వానాకాలంలో, 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తుల మధ్య, మధ్యధరా తూర్పు కొస నుంచి చైనా పడమటి భాగం దాకా ఒక పలచని ఏరోసాల్ పొర ఏర్పడుతోంది. వానలు తగ్గాక చెదిరిపోతోంది. దానికి ఆసియా ట్రోపోపాజ్ ఏరోసాల్ పొర అని పేరు పెట్టారు. కంటికి కనిపించదు. కింద నిండా మబ్బులుంటాయి గనుక నేల మీది పరికరాలకు సులువుగా అందదు. తర్వాత సేజ్-2 పాత రికార్డును, మంచు మబ్బుల్నీ ఏరోసాల్‌నూ జాగ్రత్తగా విడదీసి మళ్ళీ చదివారు. 1990ల చివరి నుంచే ఆ పొర జాడ అందులో ఉంది. ఎవరూ వెతకని కాలంలో సూర్యుడు దాన్ని రాసిపెట్టాడు.

అది దేనితో చేసిన పొర? ఉపగ్రహం వెలుగు తగ్గిందని చెబుతుంది. తగ్గించిన నలుసు రుచి చెప్పాలంటే దాన్ని పట్టి చూడాలి. అందుకే నాసా, ఇస్రో కలిసి బెటాల్ పేరుతో బెలూన్ల యాత్ర మొదలుపెట్టాయి. 2014 నుంచి 2017 దాకా వానాకాలాల్లో భారత్‌లో మూడు చోట్ల నుంచి, సౌదీ అరేబియాలో ఒక చోటు నుంచి 68 బెలూన్లు ఎగిరాయి. మన దేశంలోని చోట్లలో గాదంకి ఒకటి. హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం మరొకటి. కిలోన్నర బరువు పెట్టె నుంచి 50 కిలోల పరికరాల దాకా మోసుకెళ్ళాయి. కొన్ని ఆ ఎత్తులో గంటల తరబడి నిలిచి, గాలిని వడగట్టి నలుసుల్ని పట్టి తెచ్చాయి.

అందరూ సల్ఫేట్ కోసం చూశారు. ఎక్కువగా దొరికింది నైట్రేట్, ఘనమీటరు గాలికి 100 నానోగ్రాముల చొప్పున. ఆ లెక్క కళ్ళకు కట్టాలంటే ఇలా చూడాలి. అటూ ఇటూ ఎత్తూ ఒక్కో కిలోమీటరు ఉన్న గాలి దిమ్మెలోంచి నైట్రేట్ అంతా ఏరితే వచ్చేది 100 గ్రాములు. చారెడు ఉప్పంత ఆ కొంచెం, ఎండకు అడ్డుతగిలి అంతరిక్షం నుంచి చూసేవాళ్ళకు పట్టుబడింది. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నైట్రేట్ ఎక్కడిది? 2017 వానాకాలంలో ఖాట్మండు నుంచి ఎగిరిన యూరప్ పరిశోధన విమానమూ, ఉపగ్రహాల పరారుణ కొలతలూ కలిపి 2019లో ఒక జవాబు వచ్చింది. ఆ పొరలో అమ్మోనియం నైట్రేట్ గట్టి కణాలున్నాయి. అందులోని అమ్మోనియా పొలాల్లో చల్లే యూరియా నుంచి, పశువుల పేడ, మూత్రాల నుంచి లేచింది. మామూలుగా అమ్మోనియా వాన నీటిలో ఇట్టే కరిగి నేలకు దిగిపోతుంది. క్యుములోనింబస్ మబ్బుల ఉరవడికి మాత్రం కొంత తప్పించుకుని పైకి చేరుతోంది. అక్కడ టిబెట్ నుంచి అరేబియా దాకా వానాకాలమంతా తిరిగే పెద్ద సుడి దాన్ని పట్టి ఉంచుతోంది. గాదంకి ఆ సుడి దక్షిణపు అంచున, తూర్పు జెట్ పరుగెత్తే బాటలో ఉంది. గంగా మైదానపు పొలాల అమ్మోనియా, నగరాల పొగ, ఉరుముల మెరుపుల్లో పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ సుడిలో తిరిగి మన నెత్తి మీదుగా పోతాయి. ఇలాంటి నలుసుల మీద మంచు స్ఫటికాలు కట్టి, ఎత్తైన పలచని మబ్బులు ఏర్పడతాయి. ఆ మబ్బులు భూమి వేడిని పట్టి ఉంచుతాయి. ఒక రైతు మడిలో చల్లిన బస్తాకూ ట్రోపోపాజ్ దగ్గరి మబ్బుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని పాతికేళ్ళ కింద ఎవరైనా చెబితే నమ్మేవాళ్ళం కాదు.

సేజ్ లాంటి పరికరానికి ఉన్న కొరత కూడా ఇక్కడే తెలుస్తుంది. రోజుకు ఉదయాస్తమయాలు కలిపి ముప్పై దాకా అవకాశాలు వస్తాయి, అవి భూగోళమంతటా చెదిరి ఉంటాయి. ఒక ప్రదేశానికి దగ్గరగా కొలత పడే రోజులు నెలలో కొన్నే. వానాకాలంలో మబ్బు అడ్డం వస్తే అక్కడితో చూపు ఆగిపోతుంది. ఖాళీ రోజుల్ని గాదంకి బెలూన్, లైడార్ పూరిస్తాయి. ఉపగ్రహం దేశాల మీదుగా చూస్తుంది, బెలూన్ ఒక్క నిట్టనిలువు దారిలో తాకి చూస్తుంది. రెండూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ మాట శాస్త్రమవుతుంది. తిరుపతికి వచ్చేవాళ్ళకు శ్రీహరికోట పేరు తెలుసు, గాదంకి పేరు తెలిసినవాళ్ళు తక్కువ. రాకెట్ మంటకు వచ్చినంత పేరు సాయంత్రపు బెలూన్‌కూ రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి ఎగిరినవాటిలో ఈ కథకు చేరేవి ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 17న ఎగిరిన ఇన్శాట్-3డీఎస్ భూమి నుంచి చెదిరి వచ్చే ఎండతో మసక లెక్క తీస్తుంది. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 మీది సూట్ దూరదర్శిని సూర్యుణ్ణి 200 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చూస్తుంది. ఓజోన్‌ను పుట్టించేదీ విరిచేదీ ఆ అతినీలలోహిత కాంతే. గాలి ఎంత తీసుకుందో లెక్కగట్టేవాళ్ళకు సూర్యుడు అసలు ఎంత ఇచ్చాడో కూడా తెలియాలి.

సేజ్-3 ఉన్న అంతరిక్ష కేంద్రాన్ని 2030 ప్రాంతంలో కక్ష్య నుంచి దించేయాలని నిర్ణయించారు. దానితోపాటు ఆ పరికరమూ పోతుంది. 2003లో రెండేళ్ళ కోసం పంపిన కెనడా ఉపగ్రహం సైశాట్ ఇంకా సూర్యోదయాలూ అస్తమయాలూ కొలుస్తూనే ఉంది గానీ, దాని వయసు ఇరవై దాటింది. 1978 నుంచి, మధ్యలో కొన్ని ఖాళీలతో, నడిచి వస్తున్న ఈ లెక్క ఇకపైన తెగకూడదు. వానాకాలపు పొర ఏటేటా ముదురుతోందా, పలచబడుతోందా అని చెప్పగలిగేది ఈ వరసే. తెగిన ఏళ్ళను తర్వాత ఎంత డబ్బు పోసినా కొనలేం. మన దేశం ఒక సూర్యాస్తమయ పరికరాన్ని తయారుచేసి, మన వానాకాలపు ఆకాశాన్ని మనమే చదవాలని అడగడం పేరాశేమీ కాదు. పంపడానికి శ్రీహరికోట ఉంది. అది చెప్పినదాన్ని సరిచూడడానికి గాదంకి ఉంది. ఆ రెండిటి మధ్య సూటి దూరం 120 కిలోమీటర్లు కూడా లేదు.